బాటలో గాయపడినవాని కొలువు

బండి త్రోవ తప్పి మనిషికి గాయమైనచో బాధ్యుడెవడను ప్రశ్న మోటారులతో పుట్టినది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున ఈ విచారణ కలదు. ముకుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసో చక్రమో చెడినను తోలువానికి దండుగ లేదు. తోలువాని నేర్పులేమిచేత బండి పెడదారి పట్టి హాని చేసినచో బండి యజమాని రెండువందల పణములు కట్టవలెను. తోలువాడు నేర్పరియే ఐనచో దండుగ వానిది. నేర్పులేనివాడు తోలెడి బండిలో కూర్చున్నవారికిని తలకు నూఱేసి పణములు! ఈ కడపటి నియమము నేడు అమలులో నున్నచో మన సంతలకు ఆటోలలో వ్రేలాడుచు పోవువారిలో దండుగ తప్పించుకొనువారు స్వల్పముగ నుందురు.

ఐతే ఈ దండుగలు రాజునకు చేరునవి. గాయపడినవానికి గాయము మానువఱకగు వ్యయమును హాని చేసినవాడిచ్చుకొనవలెనని అదే అధ్యాయమున వేఱొకచోట కలదు. నేడు నేను విచారింపదలచిన విషయము ఇంకను ముందునకు పోవును. ఆ బండిలో గాయపడినవాడు బండి యజమాని కొలువులోనివాడే ఐనచో వాని గతి యేమి? కాలు పోయెను, కొలువుకూడ పోవునా?

దీనికి మన ప్రాచీన గ్రంథములలో సగము సమాధానమే దొరకును. రోగపడిన భృత్యుడు స్వస్థుడై తిరిగివచ్చి ఒప్పుకొన్న పని చేసినచో, చాల కాలమునాటి జీతమైనను వానికి చెందునని మనువు చెప్పెను. స్వస్థుడైనచో అన్నమాట. తెగిన కాలు మొలవదు గదా! పనిలో మరణించినవారి భార్యాపుత్రులకు అన్నమును జీతమును ఈయవలెనని కౌటిల్యుడు వ్రాసెను. అది రాజు కొలువు చేయువారి ప్రకరణము. శుక్రనీతిలో రోగియగు భృత్యునకు జీతములో ముప్పాతిక, చిరకాలము కొలిచినవానికి కూర్చుండబెట్టి సగము జీతము ఈయవలెనని కలదు. నేను బడిలో చాల ఏండ్లు దీనిని ప్రాచీన ప్రమాణముగ పిల్లలకు చెప్పితిని. ఆ గ్రంథము మనకు దొరకిన రూపమున పందొమ్మిదవ శతాబ్దిలో కూర్పబడినదని పండితులు పలువురు తలచుచున్నారు. కావున దానిని సాక్ష్యమునకు పిలువను.

ఇక మన న్యాయస్థానములు నేడు నడచుచున్న దారి యెచట మొదలైనదో చూతము. అదియు ఒక బండి ప్రమాదముతోనే మొదలైనది. 1835వ సంవత్సరమున ఇంగ్లండులోని లింకన్ షైరు ప్రాంతమున ఫౌలరను మాంసవిక్రేత యొద్ద ప్రీస్ట్లీ యను యువకుడు పనిలో నుండెను. యజమాని యాజ్ఞచే వాడు సరకుబండి నెక్కి పోవుచుండగా, మితిమీఱిన బరువుచే ఆ బండి విఱిగి కూలెను. వాని తొడ యెముక విఱిగెను. నెలల తరబడి మంచము నంటియుండెను. వాని పక్షమున దావా వేయగా లింకన్ పట్టణమున జ్యూరీవారు నూఱు పౌనులు ఇప్పించిరి. యజమాని పై కోర్టున కెక్కెను. 1837లో ఎబింజరు ప్రభువను న్యాయాధిపతి ఆ తీర్పును కొట్టివేసెను.

ఆయన వాదము వినదగినది. ఇట్టి దావా నంగీకరించినచో దాని కంతమెక్కడ? పనికత్తె చెమ్మపఱుపు వేసెనని ఇంటి నౌకరు యజమానునిపై దావా వేయును. వంటయామె గిన్నె సరిగా తోమలేదని వేఱొకడు వేయును. బండి చేసినవాని తప్పునకు బండివెనుక నిలుచు సేవకుడు వేయును. అపాయకరమని తోచినచో సేవకుడు ఆ పని చేయననవచ్చును. బండిలో బరువెంత యున్నదో యజమానికంటె వానికే బాగుగ తెలిసియుండును గదా! ఇదీ ఆయన తర్కము.

చేయననవచ్చునట! నేను తర్కశాస్త్రము కొంత చదివితిని. ఈ వాదమున వ్యాప్తి చక్కగనే యున్నది, లోకజ్ఞానమే లేదు. నిండిన లారీపై ఇంకొక పది బస్తాలు వేయించి మేస్త్రీ "ఎక్కుము" అనినపుడు, ఎక్కననిన కుఱ్ఱవానికి మఱునాడు పిలుపు వచ్చునా? ఈ సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ తీర్పునుండి పెరిగిన సిద్ధాంతము, తోటి పనివాని తప్పుచే గాయపడినవానికి యజమాని బాధ్యుడు కాడనునది, సముద్రము దాటి అమెరికాకు పోయెను. 1842లో మసాచుసెట్సు న్యాయస్థానము చేయి నలిగిన రైలు ఇంజను డ్రైవరునకు ఇదే మాట చెప్పెను. ఇంగ్లండున 1880లో కొంత సడలింపు వచ్చినను, ఆ సిద్ధాంతము 1948లో గాని పూర్తిగ రద్దు కాలేదు.

దారి మార్చినది జర్మనీ. 1884లో బిస్మార్కు మంత్రిత్వమున చేసిన ప్రమాదబీమా చట్టము, తప్పెవరిదని అడుగుటయే మానెను. యజమానులందఱు సంఘములుగ కూడి సొమ్ము కట్టవలెను. పనిలో గాయపడి పూర్తిగ అశక్తుడైనవానికి, మొదటి పదుమూడు వారముల తరువాత, జీతములో మూడింట రెండు వంతులు ముట్టవలెను. బిస్మార్కు కార్మికులయందలి కరుణచేతనే చేసెనని నేననను. సోషలిస్టుల బలము తగ్గింపవలెనను తలపు వానికుండెను. ఐనను చేసినపని మంచిదే. ఇంగ్లండు 1897లో తన నష్టపరిహార చట్టమును చేసెను. "ఉద్యోగమువలన, ఉద్యోగము నడచుచుండగా" కలిగిన గాయము అను మాట అందుండియే మనకు వచ్చినది. ఆ చట్టము మొదట రైళ్లకు, గనులకు, ఫ్యాక్టరీలకు, అట్టి కొన్ని పనులకు మాత్రమే వర్తించెను. సరకుబండిపై పోవు మాంసవిక్రేత పనివానివంటి వానికి దాని నీడ దొరకుటకు 1906 వఱకు ఆగవలసివచ్చెను. ప్రీస్ట్లీ తొడ విఱిగి అప్పటికి డెబ్బదియొక్క సంవత్సరములు.

మనదేశమున కార్మిక నష్టపరిహార చట్టము 1923లో చేయబడి, 1924 జులై 1వ తేదీన అమలునకు వచ్చెను. దాని షెడ్యూలు చదివినచో అంగడిలో ధరలపట్టిక చదివినట్లుండును. కుడిచేయి మోచేతికడగాని పైనగాని పోయినచో నూటికి 70 వంతుల సంపాదనశక్తి పోయినట్లు, ఎడమచేయి ఐనచో 60, మోకాటికడగాని పైనగాని కాలు పోయినచో 60, బొటనవ్రేలు 25, ఒక కన్ను 30. పూర్తిగ అశక్తుడైన పెద్దవానికి నలువదిరెండు నెలల జీతము, లేదా 3,500 రూపాయలు, ఏది తక్కువయో అది. చనిపోయినచో ముప్పది నెలల జీతము, లేదా 2,500, ఇందును తక్కువదే. ఈ అంకెలు తరువాత పలుమారులు పెరిగినవి. యంత్రశక్తితో నడచు బండ్లమీది పనివారును దాని పరిధిలో చేరిరి.

ఆ చట్టమున రెండు సంగతులు మన గ్రామపెద్దలకు ముఖ్యములు. మొదటిది, తప్పు విచారణ లేకపోవుట. డ్రైవరు తన పొరపాటుననే చెట్టును గ్రుద్దినను పరిహారమునకు హక్కు పోదు. మోటారు వాహనముల చట్టము క్రింద ట్రిబ్యునలునకు పోవువాడు సాధారణముగ ఇతరుల అజాగ్రత్తను ఋజువు చేయవలెను. కావున తన తప్పుతోనే పడిన డ్రైవరునకు ఆ ద్వారము మూసియుండును, ఈ ద్వారము తెఱచియుండును. రెండు ద్వారములును తెఱచియున్నవాడు ఏదో యొకటి ఎన్నుకొనవలెను. రెంటను ప్రవేశింపరాదని 1988 నాటి మోటారు చట్టము చెప్పుచున్నది. రెండవ సంగతి, పరిహారపు హక్కును వదలుకొనుచు పనివాడు వ్రాసియిచ్చిన ఒప్పందము చెల్లదు. ఈ నియమము 1923 చట్టమున నుండెను. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను ఉన్నది.

ఈ రెండవ నియమము నాకు తెలిసిన విధము చెప్పవలెను. ముప్పదియేండ్లకు పూర్వము, నేను ఉపాధ్యాయుడుగ నున్న గ్రామమున నాయొద్ద పదవ తరగతి చదివిన ఒక పిల్లవాడు లారీ క్లీనరుగ చేరెను. ధాన్యము లారీ రాత్రివేళ తూముకడ తిరుగబడగా వాని కుడికాలు మోకాటిపైన తీసివేయవలసివచ్చెను. లారీ యజమాని మంచివాడనియే మా యభిప్రాయము. ఆసుపత్రికి తానే తీసికొనిపోయెను. రచ్చబండకడ పెద్దలు కూర్చుండి అయిదువేల రూపాయలు, రెండు బస్తాల బియ్యము నిర్ణయించిరి. "ఇకమీదట ఎట్టి దావాయు లేదు" అని రాజీనామా వ్రాయుమని నన్నడిగిరి. నా చేతివ్రాత బాగుండుననియు, భాష దోషరహితముగ నుండుననియు ఆ ఊర పేరుండెను. వ్రాసితిని. ఆ పిల్లవాడు చేతికఱ్ఱలమీద నిలిచి, "మాస్టారూ, డబ్బు సంగతి అట్లుండనీయండి. అయ్యగారి లారీ ఆఫీసులో చీటీలు వ్రాసే పని ఇప్పించండి. కూర్చునే చేసుకుంటాను" అనెను. పెద్దలలో నొకరు నవ్వి, "అది తరువాత చూతము లేరా" అనిరి. నేను కలము మూసితిని. ఆ మాట కాగితములోనికి రాలేదు.

ఆ కాగితము చట్టమున చెల్లనిదని నాకు చాలకాలము తరువాత ఒక ప్లీడరుగారివలన తెలిసెను. అప్పటికి రెండేండ్ల గడువు కడచి చాలకాలమాయెను. తగిన కారణమున్నచో గడువు మీఱినను అధికారి అర్జీని స్వీకరింపవచ్చును. కాని మేము మఱల అడుగలేదు.

గాయమునకు వెల ఎట్లు కట్టవలెనను విషయమున మన సుప్రీంకోర్టు తీర్పొకటి మన సరిహద్దునుండియే పోయినది. ఒరిస్సాలోని జయపురమున 1968లో ఒక వడ్రంగి సినిమాహాలులో పని చేయుచు క్రిందపడగా వాని ఎడమచేయి మోచేతికి పైన తీసివేయబడెను. షెడ్యూలు ప్రకారము అది సంపూర్ణ నష్టము కాదని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము చేయలేడు గావున వాని పనికి వాడు సంపూర్ణముగ అశక్తుడేయని కమీషనరు తేల్చి 9,800 రూపాయలు విధించెను. పైగా జాప్యమునకు వడ్డీయు జరిమానాయు. 1975 డిసెంబరున సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. పరిహారము ప్రమాదము జరిగిననాడే బాకీ పడును గాని కోర్టు తీర్పు చెప్పిననాడు కాదనియు చెప్పెను. లెక్కింపవలసినది అంగమునే కాదు, ఆ యంగముతో వాడు చేయుచుండిన పనిని. డ్రైవరుకాలు, గుమాస్తాకాలు ఒకే కొలతవి కావచ్చును. వెల ఒకటి కాదు.

ఇక బాట సంగతి. ఇంటినుండి పనికి పోవుదారి ఉద్యోగములోనిదా, కాదా? పోరుబందరు ఉప్పుకొఠారు పనివారు పడవ మునిగి మరణించిన కేసులో, 1958లో సుప్రీంకోర్టు కాదనెను. 1963లో బొంబాయి బస్సు డ్రైవరు కేసు వచ్చెను. అతడు 1957 జులై మాసమున ఒకనాడు తన బస్సును డిపోలో అప్పగించి, ఇల్లు చేరుటకు అదే సంస్థవారి వేఱొక బస్సెక్కెను. అది ఆగియున్న లారీని గ్రుద్దుకొనగా క్రిందపడి కొన్ని దినములకు మరణించెను. విధి ముగించి ఇంటికి పోవువాడు ఉద్యోగములో నున్నట్లా? మన రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావుగారు అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసిరి. అంత పెద్ద నగరమున ఆ సంస్థ బస్సులన్నియు కలిసి ఒకే కొలువుశాల వంటివి. డ్రైవర్లు సకాలమున వచ్చుచు పోవుచుండుట ఆ కొలువునకే అవసరము. అందులకే వారికి ఆ బస్సులలో పోవు హక్కును సంస్థవారిచ్చిరి. కావున అతడు ఉద్యోగములోనే యుండెనని తేల్చిరి. ముగ్గురిలో నొక న్యాయమూర్తి ఇందుల కంగీకరింపలేదు. నాకు సుబ్బారావుగారి తీర్పు ధర్మసూక్ష్మమెఱిగినదిగ తోచును. ఆంధ్రుడనగుటచే పక్షపాతమైనను కావచ్చును.

సంస్థవారి బస్సు ఎక్కినవానికి న్యాయము దొరకెను. సొంత సైకిలు ఎక్కినవానికో? సాయంకాలము నాలుగున్నరకు పనిలో చేరవలసిన కేరళ కార్మికు డొకడు 1971లో నాలుగుంబావుకు, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరమున, లారీ తగిలి మెడకడ యెముక విఱిగి పడెను. ఇరువదియైదేండ్ల తరువాత, 1996లో, సుప్రీంకోర్టు అది ఉద్యోగపు గాయము కాదనెను. బాట అందఱిది; అందు కలుగు అపాయమును అందఱిదే; ఫ్యాక్టరీకి సంబంధము లేదు. పార్లమెంటు 2010లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టమును సవరించి, ఇంటికిని పనికిని నడుమ జరిగిన ప్రమాదము, సమయము, చోటు, పరిస్థితులు ఉద్యోగముతో ముడిపడియున్నచో ఉద్యోగపు గాయమేయని చెప్పెను. మహారాష్ట్రమున చక్కెర ఫ్యాక్టరీ కావలివాడొకడు 2003లో తెల్లవారుజామున మూడుగంటల విధికి మోటారుసైకిలుపై పోవుచు, చేరవలసిన చోటికి అయిదు కిలోమీటర్ల దూరమున మరణించియుండెను. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ సవరణభావము పూర్వపు ప్రమాదములకును, నష్టపరిహార చట్టమునకును వర్తించునని తీర్పిచ్చి వాని కుటుంబమునకు న్యాయము చేసెను. ఇప్పటి స్మృతిలో ఈ నియమము వ్రాతమూలకముగనే ఉన్నది. కనుక ఉదయమున మిల్లునకు సైకిలుపై పోవు మీ ఊరివాడు దారిలో పడినచో, "డ్యూటీ ఎక్కలేదు గదా" అను మాట విని లేచిపోవలదు.

ఇంతవఱకు చెప్పినది సొమ్ము సంగతి. మా పిల్లవాడడిగినది సొమ్ము కాదు, కొలువు. ఈ విషయమున చట్టము మిక్కిలి ఆలస్యముగ మేల్కొనెను. 1948 నాటి రాజ్యబీమా చట్టము, కార్మికుడు రోగియై, గాయపడి భత్యము పొందుచున్న కాలమున వానిని తొలగింపరాదని చెప్పెను. అది మంచమున నున్నంత కాలమే. లేచి నిలిచిన తరువాత, ఒంటికాలితో, ఏమగును? రాజస్థాను బస్సు సంస్థవారు చూపు తగ్గిన డ్రైవర్లను తొలగింపగా, రాత్రింబవళ్లు బస్సు నడుపుటవలన వచ్చిన చేటునకు వానిని వీధిలోనికి పంపుట న్యాయము కాదనియు, వేఱొక పని చూపవలెననియు, లేనిచో తగిన సొమ్మీయవలెననియు సుప్రీంకోర్టు చెప్పెను. అది 1990 ప్రాంతపు మాట. పిమ్మట 1995 నాటి వికలాంగుల చట్టము, 47వ సెక్షనున, స్పష్టముగ శాసించెను: కొలువులో నుండగా వికలాంగుడైనవానిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పాత పని చేయలేనిచో అదే జీతముతో వేఱొక పనికి మార్చవలెను. అట్టి పని లేనిచో, దొరకువఱకో పదవీ విరమణ వఱకో వానికొఱకు అదనపు పదవి నేర్పఱుపవలెను.

దీనిని చదివిననాడు నేను కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. చీటీలు వ్రాయు పని ఇప్పింపుడని పదవ తరగతి చదివినవాడు రచ్చబండకడ అడిగినది ఇదే గదా!

విధిలో కాలు పోయిన ఒక కానిస్టేబులుకు వైకల్యపు పింఛను ఇచ్చితిమి గదాయని ప్రభుత్వము వాదింపగా, 2003లో సుప్రీంకోర్టు, పింఛను కొలువునకు బదులు కాదని చెప్పెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పాత చట్టము స్థానమున వచ్చి, ఈ రక్షణను ప్రభుత్వ సంస్థల విషయమున నిలిపెను. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలో రంగులు గుర్తింపలేడని తొలగింపబడిన డ్రైవరు కేసులో, వేఱొక పని నిజముగ వెదకకయే తొలగించుట చెల్లదని 2025 ఆగష్టున సుప్రీంకోర్టు చెప్పెను. ఆ తీర్పునకు ఆధారము 1979లో నాటి యాజమాన్యమును కార్మికులును చేసికొనిన ఒప్పందము. పాతకాగితము చెల్లుట కూడ కలదన్నమాట.

ఐతే ప్రభుత్వ సంస్థల మాట ఇది. బస్సు డిపోలో పనిచేయువానికి కలదు. రెండు లారీల యజమానియొద్ద పనిచేయువానికి లేదు. వానికి చట్టము సొమ్మిప్పించును, వైద్యపు ఖర్చిప్పించును, బీమా కంపెనీచే కట్టించును. కుర్చీ వేసి కూర్చుండుమని మాత్రము అనదు. అక్కడ మిగిలినది రచ్చబండయే. ఒప్పందమున హక్కును వదలుకొను మాట వ్రాసినచో చెల్లదు గాని, పని యిత్తునను మాట వ్రాయుటకు చట్టము అడ్డు రాదు. ఆనాడు ఆ వాక్యము వ్రాయుటకు కాగితమున చోటు కూడ ఉండెను. సగముపేజీ ఖాళీగ నుండెను.

ఆ పిల్లవాడిప్పుడు పిల్లవాడు కాడు, నడివయసు దాటుచున్నాడు. బస్సు నిలుచుచోట సైకిలు పంక్చర్ల కొట్టు పెట్టుకొని బ్రదుకుచున్నాడు. పోయిన సంక్రాంతికి నేను ఆ ఊరికి పోగా, రేకుపెట్టెలోనుండి ఆ రాజీనామా తీసి చూపెను. మడతలకడ చినిగియున్నది. వాని వ్రేలిముద్ర కాదు, సంతకమే ఉన్నది. గుండ్రని చక్కని అక్షరములు, నేను నేర్పినవే.